నీళ్లు తాగని కొలువు

పోయిన నెల, మంచి ఎండల్లో, మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు చీరలు తీసుకుందామని కూతురితో కలిసి భూపాలపల్లిలో కొత్తగా తెరిచిన పెద్ద షోరూముకు వెళ్లాను. మాకు చీరలు చూపించిన అమ్మాయికి ఇరవై ఏళ్లు దాటి ఉండవు. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, నవ్వు చెదరనివ్వకుండా చీర మీద చీర విప్పుతూనే ఉంది. నా కూతురు రంగులు చూస్తోంది గానీ, నా చూపు మాత్రం ఆ పిల్ల వెనక అరలో ఉన్న నీళ్ల సీసా మీదే ఆగిపోయింది. పొద్దు వాలుతున్నా అది నిండుగానే ఉంది. మూత కూడా తీసినట్టు లేదు. చీరల కొట్టులో పనిచేసిన ఆడదానికి ఆ సీసా కనబడితే చాలు, ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

పదో తరగతి లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను, లెక్కలతో పనిలేని ఉద్యోగమని చెప్పి మా మేనమామ జనగామలో ఒక చీరల కొట్టులో చేర్పించాడు. ఆయన అన్నది నిజమే, నా జీతం లెక్కపెట్టుకోవడానికి వేళ్లు చాలేవి. పట్టుచీరలు రోజంతా భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడి చూపించేదాన్ని, పండగకు మాత్రం రంగు వెలిసి పక్కన పడేసిన చీరను కొట్టు యజమాని సేటు దయతలచి ఇస్తే, దాని ధర జీతంలో కోయించుకుని మరీ కట్టుకునేదాన్ని. కూర్చునే బెంచీలు చీరలు కొనడానికి వచ్చినవాళ్లకే. ఎవరూ లేనప్పుడైనా మేం కూర్చుంటే బేరం రాదని సేటు నమ్మకం. ఉద్యోగంలో నిలబడాలంటే నిలబడే ఉండాలన్నమాట. జీవితంలోంచి ‘వి’ తీసేస్తే మిగిలేది జీతమనీ, ఆ పోయిన ‘వి’ విశ్రాంతి అయి ఉంటుందనీ నాకు నేనే చెప్పుకుని నవ్వుకునేదాన్ని. లెక్కల్లో తప్పాను గానీ తెలుగులో ఎప్పుడూ తప్పలేదు.

కాళ్ల నొప్పులు సరే, అంతకంటే పెద్ద బాధ ఒకటుండేది, మన ఈడు ఆడవాళ్లం నలుగురిలో చెప్పుకోలేనిది. కొట్టులో పనివాళ్లకు బాత్రూం లేదు. మగవాళ్లు వెనక సందులోకి పోయివచ్చేవాళ్లు. సేటు కాపురం పై అంతస్తులోనే, అక్కడ బాత్రూం ఉంది, కానీ అది కొనడానికి వచ్చిన ఆడవాళ్లకే తప్ప మాకు కాదని ఆయన భార్య కచ్చితంగా చెప్పేసింది. మాకు ముందు పనిచేసిన ఒకామె అడిగినందుకు, అంత ఇబ్బందైతే ఇంట్లోనే ఉండమని పనిలోంచి తీసేశారట. అందుకని నాతో పనిచేసే చిల్పూరక్క, ఆమెది చిల్పూరు గనుక అందరం అట్లాగే పిలిచేవాళ్లం, మొదటి రోజే నాకు నేర్పిన విద్య చీర మడతపెట్టడం కాదు, రాత్రి దుకాణం మూసేదాకా నీళ్లు తాగకుండా ఉండటం.

రెండో విద్య ఇంకా గొప్పది. పల్లెల నుంచి పెళ్లిబట్టలకు వచ్చిన పెద్దవాళ్లు ఆ నిటారు మెట్లు ఎక్కలేరు గనుక, మాలో ఒకరం చేయి పట్టుకుని పైకి తీసుకుపోవచ్చు. తీసుకుపోయినవాళ్లం పనిలో పనిగా మా పనీ కానిచ్చుకోవచ్చు. అంచేత వచ్చినవాళ్లకు చల్లటి నీళ్లు, వెనకే చాయ్, మళ్లీ నీళ్లు ఇచ్చి, “ఎప్పుడనంగ బయలెల్లిన్రో ఏమో, పైకి పోయొస్తరా అవ్వా?” అని ఎంతో ప్రేమగా అడిగేవాళ్లం. సేటు మురిసిపోయి, మా కొట్టు ఆడపిల్లలకున్న మర్యాద బజారు మొత్తంలో లేదని అందరికీ చెప్పుకునేవాడు.

చిక్కల్లా నాట్ల కాలంలో వచ్చేది. ఊళ్లలో ఆడవాళ్లంతా పొలాల్లో ఉంటే చీరలకెవరొస్తారు? ఆ ఏడు అక్కకు మూత్రంలో మంట, నడుములో పోటు, సాయంత్రమైతే చలిజ్వరం మొదలయ్యాయి. దవాఖానలో నీళ్లు బాగా తాగమనీ, ఆపుకోవద్దనీ చెప్పారట. “గా మందుచీటీ మన సేటమ్మకు రాసియ్యాలె గని నాకెందుకు?” అని నవ్వింది. ఆమె భర్త మంచం పట్టి ఉన్నాడు. పిల్లల తిండీ బడీ ఆమె కొలువు మీదే. అడిగి కొలువు పోగొట్టుకోవడం కంటే ఆపుకోవడమే నయమనుకుంది.

ఒకరోజు పొద్దుటి నుంచీ ముసురు. మధ్యాహ్నం దాటినా ఒక్క మనిషి గడప తొక్కలేదు. అక్క ముఖం పాలిపోయి, అర పట్టుకుని నిలబడి ఉంది. అప్పుడు లింగాల ఘనపూర్ నుంచి వారపు అంగడికి వచ్చిన ఒక అవ్వ, వాన తగ్గేదాకా ఆగుదామని మా కొట్టులోకి వచ్చింది. అక్క నీళ్లిచ్చి, పైకి పోయొస్తవా అని అడిగింది.

“నాకెందుకు బిడ్డా, ఇప్పుడే గాడ బస్టాండు కాడ...” అంటూ అక్క ముఖం చూసి అవ్వ ఆగిపోయింది. గల్లా దగ్గర పేపరు చదువుతున్న సేటును కూడా ఒకసారి చూసింది. తర్వాత కొట్టంతా వినబడేటట్టు, “అవు బిడ్డా, పోవాలె. మోకాళ్లు పనిచేస్తలెవ్వు, జర పట్టుకో,” అంది.

ఆ మోకాళ్లతో ఆ మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. పైన సేటు భార్య ఏం కొన్నవని అడిగితే, “కొంట తియ్యమ్మా, ముందుగాల గీ పని కానియ్,” అందట. అక్క లోపల ఉన్నంతసేపూ అవ్వ తలుపుకు వీపు ఆనించి నిలబడిందట. కిందికి దిగాక, కొంటనన్న మాట కోసం ఒక జాకెట్ ముక్క కొనుక్కుని, పోతూ పోతూ అక్కతో మెల్లగా, “అంగడికి వచ్చినప్పుడల్లా నాకొస్తది బిడ్డా, రంది పెట్టుకోకు,” అంది.

అట్లాగే వచ్చేది కూడా. కానీ అంగడి వారానికి ఒక్కసారే. దసరా దాటేసరికి అక్కకు ఒక కిడ్నీ పాడైందన్నారు, కొట్టు మానేసింది. ఆమె చోటికి వచ్చిన కొత్తపిల్లకు ఆ రెండు విద్యలూ నేనే నేర్పాను. అక్కను చూడటానికి చిల్పూరు పోతే, ముందుగా పెద్ద చెంబు నిండా నీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టి, “తాగు చెల్లె, ఈడ ఎవల్నీ అడిగేది లేదు,” అని నవ్వింది. ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం బతకలేదు.

షోరూములో ఆ నిండు సీసాను చూస్తూ ఉండలేక, బాత్రూం ఎక్కడని ఆ అమ్మాయిని అడిగాను. మూడో అంతస్తులో, లిఫ్టు పక్కనే అంది. నాకు లిఫ్టంటే భయం, తోడు రమ్మన్నాను. ఆమె సూపర్‌వైజర్ వైపు చూసింది. నా నెరిసిన తల చూసి కాబోలు, అతను సరేనన్నాడు. పైన తలుపు మీద ‘కస్టమర్లకు మాత్రమే’ అని రాసుంది.

“నాకేం లేదు బిడ్డా, నువ్వు పోయిరా. నేనీడ నిలబడ్త,” అన్నాను.

ఆ పిల్ల “మీరు గూడ షాపుల చేసిన్రా అమ్మా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది.

అప్పుడు మెట్ల దగ్గర సేటు భార్య ఉండేది, ఇప్పుడు గోడ మీద కెమెరా ఉంది. మానుకోటలో, జనగామలో కూడా ఇట్లాంటి అద్దాల షోరూములే వెలిశాయి. అవ్వ పాపం మెట్లెక్కింది, నేను లిఫ్టులో వచ్చాను. ఇన్నేళ్లలో ఇంకేం మారిందా అని వెతుక్కుంటుంటే లోపల కుళాయి చప్పుడైంది. ఆ పిల్ల తొందరపడనక్కర్లేకుండా, తలుపుకు ఇంకాస్త గట్టిగా వీపు ఆనించి నిలబడ్డాను.