గవ్వలు వేసి కట్టిన తాళ్లు

అక్కుపల్లి కృష్ణవేణికి గవ్వల సోది తెలుసని మందస బస్సులో కూడా చెప్పుకుంటారు. ఒక్కసారి గవ్వ వేసిందట, ఏరు సముద్రంలో కలిసే మొగలో ఫలానా చోటని వేలు పెట్టి చూపించిందట, అక్కడ తాళ్లు కడితే ఆలిచిప్పలు గుత్తులుగా పట్టాయట.

గవ్వ వేసిన మాట నిజమే.

అంతకుముందు ఆమె పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. జీడి తగిలి వేళ్ల తోలు ఊడిపోతుంటే మానేసి, ఏట్లో తాళ్లు వేలాడదీసి ఆలిచిప్పలు పెంచుతానంది. పోటు నీటితోపాటు చిప్పల పిల్లలు సముద్రం నుంచి లోపలికి వస్తాయి. ఇసుక రేణువంత కూడా ఉండవు. తాడు దొరికితే పట్టుకుని పెరుగుతాయి.

"ఈ యేడు సూత్తాను," అంది అత్త రత్నాలమ్మ. "తాళ్లకేటీ పట్టకపోతే మల్లీ పిక్కలు కొట్టడానికే ఎల్లాల."

ఏరు చూస్తే వెడల్పు. తాళ్లు పది.

కృష్ణవేణి పోటు వేళ గుప్పెడు తవుడు నీళ్లలో చల్లి చూసింది. తవుడంతా లోపలికే సాగింది గాని, ఏ రెండు పలుకులూ ఒకే దారిన పోలేదు. మర్నాడు వాకిట్లో ముగ్గుతో గళ్ల ఏరు గీసింది. టెక్కలి కాలేజీలో ఇలాంటి లెక్క ఒకటి చదివింది. మొగ దగ్గర చిప్ప పిల్లకు బదులు చింతపిక్క పెట్టి గవ్వ వేసేది. వేసినప్పుడల్లా పిక్క ఒక గడి లోపలికి పోవాలి. గవ్వ వెల్లకిలా పడితే ఎడమకు, బోర్లా పడితే కుడికి కూడా జరగాలి. వంపు దగ్గర నీరు ఎడమకు లాగుతుంది కనుక అక్కడ ఇంకో గడి ఎడమకు. గళ్లు అయిపోయిన చోట ఆ పిక్కని వదిలేసి మరోటి మొదలుపెట్టేది.

ఏ పిక్క ఎక్కడ ఆగేదీ ముందు చెప్పలేకపోయింది. వేయగా వేయగా మాత్రం ఎడమ గట్టు వైపు కుప్ప పెరిగింది. మిగతా చోట్ల పలచగా ఉంది.

పక్కింటి పోలారావు వచ్చి చతికిలబడ్డాడు.

"వదినా, రేపు పడవ ఎటేపు తిప్పమంతన్నాయి?"

"గవ్వలకేటి తెలుసు మరిదీ? నాకే తెల్దు."

"తెలిసినోలంతా అలాగే అంతారు."

కుప్ప ఎడమనుంది గనక పోలారావు పడవ ఎడమకు తిప్పాడు. వల నిండా కవళ్ల చేపలు పడ్డాయి. ఆ సాయంత్రం రత్నాలమ్మ కోడలి ముగ్గుకు దీపం పెట్టింది.

తాళ్లు కట్టే రోజున, పడవ ఎక్కి కూర్చున్నాక ఆవిడే అడ్డు తగిలింది.

"పదీ కుప్ప కాడే కట్టు. గవ్వ సెప్పింది కదే."

"ఆరక్కడ కడతానత్తా. నాలుగు పలసన కాడ."

"పట్టదని తెలిసీ కడతావా?"

"అక్కడ పట్టకపోతేనే కదా, కుప్ప నిజమని తెలిసేది."

"నీ గవ్వ మీద నీకే నమ్మకం నేదు," అని రత్నాలమ్మ పడవ దిగిపోయింది.

చలికాలానికి తాళ్లు పైకి లాగితే, కుప్ప దగ్గర కట్టిన ఆరింటికీ గుత్తులున్నాయి. కృష్ణవేణి మళ్లీ పలాస పనికి వెళ్లలేదు. ఊళ్లో కబురు మాత్రం గుత్తుల దగ్గరే ఆగిపోయింది. పలచన కట్టిన నాలుగు తాళ్లూ ఉత్తివే వచ్చాయి.