టీచరమ్మ ముందు నేర్పిన రెండు మాటలు

మొన్న పొద్దున మా టీచరమ్మ పోయారు. హగరి స్టేషన్ దగ్గరి తన ఇంట్లో, తన మంచం మీద, నిద్రలోనే పోయారు. కబురు వినగానే ఏడుపొచ్చింది, నిజమే. కానీ అంతకన్నా ముందు ‘హమ్మయ్య’ అనుకున్నాను. ఎందుకో చెబుతాను.

రిటైరయ్యాక ఆమె సాయంత్రాలు మా వీధి ఆడవాళ్ళకు ఇంగ్లీషు చెప్పేవారు. మిరపకాయల కోత నుంచి వచ్చి, చేతులు మండుతుంటే అలాగే కూర్చునేవాళ్ళం. మొదటి రోజు నేను గొప్పగా “ఏ ఫర్ యాపిల్” అన్నాను.

“యాపిల్ ఎవరడుగుతారే నిన్ను? ఆస్పత్రిలో అడుగుతారా, బ్యాంకులో అడుగుతారా?” అన్నారు.

ఆమె ముందు నేర్పినవి రెండే మాటలు. అగైన్, స్లోలీ. మళ్ళీ చెప్పండి, నిదానంగా చెప్పండి. ఈ రెండూ వస్తే మిగతావి ఎదుటివాళ్ళే నేర్పుతారని ఆమె నమ్మకం. నీళ్ళు, నొప్పి, కుడి, ఎడమ, ఇల్లు అన్నీ ఆ తర్వాతే.

పరీక్ష మాత్రం రైల్వే ప్లాట్‌ఫారం మీద. ప్యాసింజరు ఆగగానే కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళలో ఎవరినో ఒకరిని పలకరించాలి. నా వంతు వచ్చినప్పుడు ఒక పెద్దాయనను “వేర్ గోయింగ్?” అన్నాను. ఆయన గడగడా ఏదేదో చెప్పుకుపోయాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పారిపోబోతే వెనక టీచరమ్మ నిలబడి ఉన్నారు.

“యాడికే పోతాండావు? మళ్ళా అడుగు!”

“అగైన్, స్లోలీ” అని అడిగాను. ఈసారి ఆయన ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు. హుబ్బళ్ళికి, కూతురి దగ్గరికి. నాకు అర్థమైపోయింది! ఇంటికెళ్ళి ఆ కూతురు నాకేదో చుట్టమైనట్టు మా ఆయనకు కథలు చెప్పాను.

“అర్థం కాలేదనేదానికి సిగ్గేందే? అర్థమయ్యేట్టు చెప్పనోళ్ళకు ఉండాల సిగ్గు” అనేవారు టీచరమ్మ.

ఊపిరితిత్తుల జబ్బు ముదిరాక ఆమె మాకందరికీ ఒకటే చెప్పి ఉంచారు. “నన్ను ఆ ఊపిరి మిషన్‌కు కట్టేసి పెట్టొద్దండమ్మే. నా మంచం మీదనే పోనీండి.”

పోయిన నెల బళ్ళారిలో పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. తోడుగా ఆమె తమ్ముడూ నేనూ. ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు ఇంగ్లీషులో ఏదో వివరిస్తుంటే, తమ్ముడు “ఓకే సార్, ఓకే సార్” అని తల ఊపుతున్నాడు. ‘మెషిన్’ అన్న మాట నా చెవిన పడింది. ఈయన దేనికి ఓకే అంటున్నాడో! నేను ముందుకు జరిగాను.

“డాక్టర్, అగైన్. స్లోలీ” అన్నాను.

ఆయన ఆగాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మిషన్ పెట్టొచ్చు, కానీ ఊపిరితిత్తులు ఇక బాగుపడవు. వద్దంటే మందులూ ఆక్సిజనూ ఇచ్చి ఇంటికి పంపొచ్చు. ఒక్కో మాటే, చేతులతో చూపిస్తూ చెప్పాడు. నా గొంతు విని మెలకువ వచ్చిందేమో, మాస్కు లోపలి నుంచి టీచరమ్మ “హోమ్” అన్నారు. డాక్టరు ఆమె చేయి పట్టుకుని సరేనన్నాడు.

ఇంటికొచ్చిన సాయంత్రం బొరుగులు నానబెట్టి చేసే ఉగ్గాని కావాలన్నారు. రెండు స్పూన్లు తిని, “ఉప్పు తక్కువుండాది” అని మొహం చిట్లించి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. కాసేపటికి సన్నగా గురక మొదలైంది. వీధి ఆడవాళ్ళమంతా గుమ్మంలో కూర్చుని ఆ గురక వింటున్నాం. దీపాలు పెట్టే వేళయినా ఒక్కరమూ లేవలేదు.