వంజరం, నేను, వినియోగదారుల హక్కులు

గాజువాకలో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూమ్ ఉంది. పేరు చెప్పను. చెబితే మీరు వెళతారు, వెళితే నా గురించి అడుగుతారు, అడిగితే వాళ్లు చూపిస్తారు. చూపించడానికి వాళ్ల దగ్గర వీడియో ఉంది. అందులో నేను పడతాను. పడటం పెద్ద విషయం కాదు. మనుషులన్నాక పడతారు, లేస్తారు, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, ప్యాంటు దులుపుకుని వెళ్లిపోతారు. ఘోరమంతా నేను లేచాక జరిగింది. అందుకే ఆ దారిలో ఆటో ఎక్కిన ప్రతిసారీ ఇప్పటికీ షోరూమ్‌కి అవతలి వైపు మొహం పెట్టి కూర్చుంటాను.

అప్పుడు నేను లా మొదటి సంవత్సరం. మొదటి సంవత్సరం లా విద్యార్థి అంటే కొత్తగా స్కూటీ ఎక్కినవాడి లాంటివాడు. బ్రేకు ఎక్కడుందో తెలియదు గానీ హారన్ మాత్రం బ్రహ్మాండంగా కొడతాడు. ఆ వారమే మాకు క్లాసులో ఒక పాఠం చెప్పారు. దుకాణానికి వచ్చినవాడు క్షేమంగా తిరిగి వెళ్లేలా చూసుకోవడం దుకాణదారుడి బాధ్యత. నేల తడిగా ఉంటే తుడిపించాలి, తుడిచేలోపు హెచ్చరిక బోర్డు పెట్టాలి. అవేవీ చెయ్యకపోతే, జారిపడినవాడు పరిహారం అడగొచ్చు. వింటుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఆ పాఠానికి రెండో సగం కూడా ఉందట. పడినవాడి నిర్లక్ష్యం ఎంత అని కూడా చూస్తారట. ఆ సగం చెప్పేటప్పటికి నేను క్యాంటీన్‌లో ఉన్నాను.

ఆ ఆదివారం మా అమ్మ నన్ను ఫిషింగ్ హార్బర్‌కి తోలింది. "మంచి వంజరం తేరా. దారిలో సెడగొట్టుకొని ఒచ్చేవంటే నిన్నే కోసి పులుసెట్టేత్తాను" అని ఆశీర్వదించింది. తోడుగా మా వీధివాడు పైడిరాజు వచ్చాడు. పైడిరాజుకీ నాకూ చుట్టరికమేమీ లేదు. అయినా బావా అంటే బావా అనుకుంటాం. మా ఊళ్లో ఈ వరసకి ఆధారాలు ఎవరూ అడగరు.

చేపలమ్మే ఆవిడ వంజరాన్ని నిలువునా కవర్లో దూర్చి, పైన ఐసు పోసి, "రెండో కవరు కూడా ఎయ్యమంటావేటి బాబూ? దీని రెక్కలు గుచ్చుకుంటాయి" అంది.

"ప్లాస్టిక్ తగ్గించాలమ్మా. సముద్రం ఏమైపోతుందో ఎప్పుడైనా ఆలోచించావా?" అన్నాను.

ఆవిడ సముద్రం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. "రోజూ దాన్నే సూత్తన్నాను బాబూ" అని కవరు మూతి ముడేసి ఇచ్చింది. నేను పర్యావరణాన్ని కాపాడి ఆటో ఎక్కాను.

మేముండేది దువ్వాడ. గాజువాకలో దిగి ఇంకో ఆటో మారాలి. దిగేసరికి ఉక్క ఎలా ఉందంటే, మా ఇద్దరినీ పిండితే ఒక తొట్టె నిండేది. ఎదురుగా అద్దాల షోరూమ్. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి చల్లగాలి రోడ్డు మీదికి వచ్చి మమ్మల్ని పేరు పెట్టి పిలుస్తోంది.

"బావా, లోనికెల్లి ఏసీ కింద కాసేపు నిలబడదామేటి?" అన్నాడు పైడిరాజు.

"ఏం కొంటామని వెళతాం?"

"కొనడానికెవుడెల్తాడు బావా? సూడ్డానికి."

వెళ్లాం. చూశాం. ఫ్రిజ్జుల దగ్గర తలుపులు తీసి చూశాం, వాషింగ్ మెషీన్లలో తొంగి చూశాం, గోడ నిండా ఉన్న టీవీల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాం. నా చేతులు కట్టుకోవడానికి కుదరలేదు, వంజరం ఉంది. కాబోయే అల్లుడు మామగారి స్థలాలు చూసినంత తీరిగ్గా షోరూమంతా ఒక చుట్టు తిరిగి, చల్లదనం సరిపోక రెండో చుట్టు మొదలుపెట్టాను. ఫ్రిజ్జుల దగ్గర కాసేపు ఆగి కదలబోయేసరికి నా కుడికాలు నన్ను అడక్కుండా ముందుకు వెళ్లిపోయింది.

నేను పడిన తీరు గురించి నాకు గర్వంగానే ఉంది. నడుము నేలకి కొట్టుకుంది, మోచెయ్యి ఫ్రిజ్జుకి కొట్టుకుంది. కవరున్న చెయ్యి మాత్రం జెండా కర్రలా నిటారుగా పైకి లేచింది. మా అమ్మ మాట అంత లోతుగా దిగింది.

పైడిరాజు పరుగున వచ్చాడు. "బావా! సేప బాగానే ఉందేటి?"

పక్కనే ఫ్రిజ్జు కొనడానికి వచ్చిన ఒక పెద్దావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఓలమ్మ! నడుం ఇరిగిపోనాదేటి బాబూ?" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది, ఒక్కరైనా మనిషి గురించి అడిగారు. ఫ్లోర్ మేనేజర్ మూర్తిగారు కుర్చీ, మంచినీళ్ల సీసా, క్షమాపణ మూడూ ఒకేసారి పట్టుకుని వచ్చారు. ఆ క్షమాపణ తీసుకుని, నీళ్లు తాగి ఇంటికి వెళ్లిపోతే ఈ కథ లేదు. కానీ నా అరచెయ్యి నేలకి తగిలింది. తడి! నా తలలో కాలేజీ గంట మోగింది.

కుర్చీలో కూర్చుని, వంజరాన్ని కాళ్ల దగ్గర పెట్టుకుని, గొంతు సవరించుకున్నాను.

"నేల తడిగా ఉంది. బోర్డు ఏది?"

"ఇప్పుడే తుడిపించాం సార్. పొడిగానే ఉండాలి."

"ఉండాలి వేరు, ఉండటం వేరు. దీన్ని నిర్లక్ష్యం అంటారు. నేను వినియోగదారుల కమిషన్‌కి వెళతాను."

మూర్తిగారు నన్ను ఎగాదిగా చూశారు. "తప్పకుండా వెళ్లండి సార్. ఇంతకీ తమరు ఏం కొన్నారు?"

కొనడానికి వచ్చినవాడికి కూడా హక్కులుంటాయని నాకు తెలుసు. కానీ మేం కొనడానికి కూడా రాలేదన్న సంగతి పైడిరాజుకి తెలుసు, వాడు నోరు తెరవబోతున్నాడు. వాణ్ణి పక్కకి లాగి, అర్జెంటుగా ఏదో ఒకటి కొని బిల్లు తెమ్మన్నాను. వాడు ఆ చివరికి వెళ్లి ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ తెచ్చాడు.

"మీ కుక్కర్ సైజేటో తెలీదు బావా. ఎందుకైనా మంచిదని పెద్దది తెచ్చేను."

గ్యాస్కెట్‌ని గాజులా చేతికి తొడుక్కుని, "ఇప్పుడు మాట్లాడండి" అన్నాను.

మూర్తిగారు గ్యాస్కెట్ వైపు ఒకసారి చూసి, లోపలికి తిరిగి "నూకరత్నం!" అని కేకేశారు.

నీలం కోటు వేసుకుని, తుడుపుకర్ర పట్టుకుని ఒకావిడ వచ్చింది. షోరూమ్ నేలంతా ఆవిడ చేతి మీదే ఉంటుందని తర్వాత తెలిసింది.

"ఇక్కడ నీళ్లేంటమ్మా? కస్టమర్ పడిపోయారు."

"ఇక్కడ నీల్లు లేవు సార్. రెండుసార్లు తుడిసేను. పొడిగుడ్డ కూడా ఏసేను."

"మరి ఇవి ఆకాశంలోంచి పడ్డాయా?"

పైడిరాజు బుద్ధిగా పైకి చూశాడు. మూర్తిగారు నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "సార్, కమిషన్ గట్రా వద్దు. ఈవిణ్ణి ఇవాళే మాన్పించేస్తాను. సరేనా?"

నూకరత్నం తుడుపుకర్రని రెండు చేతులతో పట్టుకుంది. "మాన్పించడమేటి సార్? నా తప్పేటో సెప్పండి ముందు."

ఇక్కడ మంచివాడైతే 'వద్దు, పోనివ్వండి' అంటాడు. నేను మంచివాణ్ణి కాదు, లా విద్యార్థిని. "వ్యక్తులతో నాకు పనిలేదండీ, ఇది సూత్రానికి సంబంధించిన విషయం" అన్నాను. అంటే ఆవిడ ఉద్యోగం పోయినా ఫర్వాలేదు, నా పాఠం మాత్రం గెలవాలి అని. వినడానికి ఎంత గంభీరంగా ఉందో!

అంతలో పెద్దావిడ నా కుర్చీ కిందికి వేలు చూపించింది. "అదిగో బాబూ, నీ కాల్ల కింద కూడా నీల్లే!"

నిజమే. చిన్న మడుగు. నేను లేచి నిలబడ్డాను. నడుము నొప్పి ఏమైందో గుర్తులేదు. "చూశారా! రెండో చోట! ఇది ఒక్కచోట జరిగిన పొరపాటు కాదు!"

నన్ను వాషింగ్ మెషీన్ల దగ్గరున్న సోఫాలోకి మార్చారు. చట్టం ఒక చేత్తో, చేప ఒక చేత్తో పట్టుకుని మారాను. నూకరత్నం కుర్చీ కింద తుడిచి వచ్చేసరికి సోఫా పక్కన ఇంకో మడుగు తయారైంది.

"మూడో చోట!" అన్నాను. అంత ఆనందం నాకు ఇంటర్ పాసైనప్పుడు కూడా కలగలేదు. "షాపు మొత్తం కారుతోందండీ!"

"ఇక్కడ ఫ్రిజ్జు కొంటే మా ఇంట్లో కూడా ఇలగే కారుద్దేటి?" అని పెద్దావిడ మూర్తిగారిని నిలదీసింది. ఆవిడకి ఏదో వాసన కూడా వస్తోందట, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "అది కొత్త ఫ్రిజ్జుల వాసన మేడమ్" అని ఒక సేల్స్ కుర్రాడు మల్లెపూల స్ప్రే కొట్టాడు.

ఇక చివరి అస్త్రం తీశాను. "సీసీ కెమెరా ఉందిగా? వీడియో చూపించండి. చూసే హక్కు నాకుంది."

మూర్తిగారు క్యాబిన్‌లోకి వెళ్లారు. కాసేపటికి తిరిగి వచ్చారు. ఆ మొహంలో ఇందాకటి కంగారు లేదు. పెళ్లివారింట్లో తప్పిపోయిన పిల్లాణ్ణి చూసినట్టు నన్ను జాలిగా చూశారు.

"వద్దు సార్. కూల్‌డ్రింక్ తెప్పిస్తాను, తాగి వెళ్లండి. నూకరత్నం, నువ్వెళ్లి పని చూసుకోమ్మా."

"భయపడ్డారు!" అన్నాను పైడిరాజుతో.

నూకరత్నం కదల్లేదు. "ఎల్లను సార్. ఇంతమందిలో నా ఉజ్జోగం తీసేత్తానన్నారు. ఇంతమంది సూసేలాగే ఎయ్యండి ఆ ఈడియో."

"అవును! అందరూ చూసేలా వెయ్యండి!" అన్నాను నేను.

ఆ రోజు ఆవిడా నేనూ ఏకీభవించిన విషయం అదొక్కటే.

మూర్తిగారు నిట్టూర్చి సేల్స్ కుర్రాడికి సైగ చేశారు. గోడ మీద టీవీలన్నీ ఒక్కసారి వెలిగాయి. చిన్న టీవీలో చిన్న నేను, పెద్ద టీవీలో పెద్ద నేను, మంచమంత టీవీలో నిజం నా కన్నా పెద్ద నేను. నేను తలుపు తోసుకుని లోపలికి వచ్చాను. నా వెనకాలే నేల మీద ఒక సన్నటి మెరిసే గీత వచ్చింది. నేను ఫ్రిజ్జుల దగ్గరికి వెళ్లాను, గీత కూడా వచ్చింది. నేను ఆగాను, గీత మడుగైంది. టీవీల దగ్గరికి వెళ్లాను, నత్తలా నా వెనకే వచ్చింది.

"ఓలమ్మ! ఆ బాబు ముగ్గేసుకుంటా ఎల్తన్నాడేటి?" అంది పెద్దావిడ.

దూరంగా నూకరత్నం వంగి, ఆ గీతని శ్రద్ధగా తుడుచుకుంటూ వస్తోంది. ఆవిడ తుడిచి అటు తిరగగానే, ఇటు నుంచి నేను రెండో చుట్టు తిరుగుతూ, తుడిచిన చోటే మళ్లీ పోసుకుంటూ వచ్చాను. ఫ్రిజ్జుల ముందు ఆగాను, కారాను, ఒకడుగు వెనక్కి వేసి నా మడుగు మీద నేనే కాలు పెట్టాను.

అన్ని సైజుల్లోనూ పడ్డాను.

మూర్తిగారు వీడియో అక్కడ ఆపారు. నేను కింద, కవరు పైన. కవరు మూల నుంచి వంజరం రెక్క బయటికి పొడుచుకుని వచ్చి ఉంది. దాని చివర ఒక నీటి చుక్క వేలాడుతోంది. "చుక్క ఎంత స్పష్టంగా ఉందో చూడండి మేడమ్. ఈ మోడల్లో క్లారిటీ అలా ఉంటుంది" అన్నాడు సేల్స్ కుర్రాడు పెద్దావిడతో. వాడి వృత్తిధర్మం వాడిది.

పైడిరాజు నా చెవిలో, "బావా, కేసు తిరిగి మన మీదికే ఒచ్చేలాగున్నాదేటి?" అన్నాడు.

"సార్, ఇందాక నిర్లక్ష్యం గురించి ఏదో చెబుతున్నారు..." అన్నారు మూర్తిగారు, చాలా మర్యాదగా.

నాకు తెలిసిన చట్టమంతా ఆ ఐసుతో పాటే కరిగిపోయింది. నూకరత్నం దగ్గరికి వెళ్లి, "తప్పు నాదేనండీ. ఆ కర్ర ఇలా ఇవ్వండి, నేనే తుడుస్తాను" అన్నాను.

"ఒద్దు బాబూ. నువ్వు తుడిత్తే ఇంకో ఇద్దరు పడతారు."

ఆవిడ మూర్తిగారి వైపు తిరిగింది. "మరి నన్ను మాన్పిత్తన్నారా సార్?"

"అబ్బే, నేనేదో మాటవరసకి అన్నానమ్మా."

"అయితే ఆ మాట కూడా గట్టిగా అనండి. ఇందాకటిది అందరూ ఇన్నారు."

మూర్తిగారు గట్టిగా అన్నారు. పెద్దావిడ "అదీ" అంది. నూకరత్నం టీవీ పెట్టెలోంచి మందపాటి కవరు ఒకటి తీసి, నా వంజరాన్ని అందులో పెట్టి, ముడేసి చేతికిచ్చింది. హార్బర్‌లో నేను వద్దన్న రెండో కవరు అలా గాజువాకలో వచ్చి నన్ను చేరింది. బతికిపోయాననుకుని బయల్దేరబోయాను.

"ఆగు బాబూ" అంది ఆవిడ.

మూలనున్న పసుపుపచ్చ బోర్డు పట్టుకొచ్చింది. 'జాగ్రత్త, నేల తడిగా ఉంది' అని రాసున్న బోర్డు. నేను బోర్డు ఏదీ అని అంత గట్టిగా అడిగిన ఆ బోర్డే. నేల మీద పెడుతుందనుకున్నాను. నా రెండో చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకొని ఎల్లు. తడి నీతోనే నడుత్తంది కదా, బోర్డు కూడా నీతోనే నడవాలి."

గ్యాస్కెట్ ముంజేతికి, వంజరం ఒక చేతిలో, బోర్డు ఇంకో చేతిలో. జనం పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆయన బోర్డు అందుకుని, అలవాటు కొద్దీ నాకు సెల్యూట్ కొట్టి, "మళ్లీ రండి సార్" అన్నాడు.

వంజరం చెడలేదు. పులుసు బాగుందని పైడిరాజు రెండుసార్లు వడ్డించుకున్నాడు. గ్యాస్కెట్ మాత్రం మా కుక్కర్‌కే కాదు, మా వీధిలో ఎవరి కుక్కర్‌కీ పట్టలేదు. ఇప్పటికీ మా వంటింటి మేకుకి వేలాడుతోంది. దాని సాక్షిగా, తూర్పుకి తిరిగి, స్నానం చేసి, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దుకాణంలో జారిపడినా నా హక్కులు అడుగుతాను, తప్పకుండా అడుగుతాను. కానీ ముందు లేస్తాను, నేల చూస్తాను, పైకప్పు చూస్తాను, ఆపైన నా చేతిలో ఏముందో చూస్తాను. ఆ చేతిలో గనక వంజరం ఉంటే, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడను. నెమ్మదిగా మూలకి వెళ్లి, ఆ పసుపుపచ్చ బోర్డు నేనే తీసుకుంటాను.