చాయ్ పోసినోడు చెయ్యెత్తొద్దు

మంగళవారం పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే ఫుట్‌బాల్ లీగ్ సెక్రటరీ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. నాకంటే పదేళ్లు చిన్నవాడు. "అన్నా, పాత రూల్స్ ఫైలు నీ తాన ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు. లేదన్నాను. "సరే తీ. ఆఁ, ఇంకో ముచ్చట. మీ కోచ్ సాబ్ పోయిండంట. మధ్యాహ్నం నమాజ్ అయినంక మట్టి." ముందు ఫైలు అడిగి తర్వాత మనిషి సంగతి చెప్పాడు. అతన్ని తప్పు పట్టను. ఆ లీగ్‌కు ఆ వరుస నేర్పినవాళ్లలో నేనూ ఉన్నాను.

మర్నాడు మళ్లీ ఫోన్ చేసి లీగ్ పుస్తకానికి రెండు పేజీలు రాసిమ్మన్నాడు. "నువ్వు ఆయన ఖాస్ శిష్యునివి గద అన్నా" అన్నాడు. నిజమే, ఖాస్ శిష్యుణ్ణే. అందుకే రాస్తున్నాను. చదివాక అచ్చేస్తారో చెత్తబుట్టలో వేస్తారో వాళ్ల ఇష్టం.

మా క్లబ్‌కు అమీర్‌పేటలో ఒక జిరాక్స్ షాపు వెనక ఒకే ఒక్క గది ఉండేది. గోడకు మేకులు, మేకులకు బూట్లు, మూలన కిరోసిన్ స్టవ్. కోచ్ సాబ్ ఒకప్పుడు ఒక డిపార్ట్‌మెంట్ టీముకు ఆడి, మోకాలు పోగొట్టుకుని, ఆ గదిలోకి వచ్చి కూర్చున్న మనిషి. ఇంట్లో దక్కనీ, మాతో తెలుగు, రిఫరీతో రెండూ కాని ఇంకేదో భాష. మమ్మల్ని పేర్లతో ఏనాడూ పిలవలేదు. చొక్కా మీది నంబరే మా పేరు. నేను మూడో నంబరు, తీన్. మా నాన్న సనత్‌నగర్ ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసేవాడు. నేనూ అక్కడే చేరాలని ఇంట్లో అనుకుంటుంటే, కోచ్ సాబ్ వచ్చి, "వీని కాళ్లు జర నాకియ్యి, చేతులు నువ్వే ఉంచుకో" అని మా నాన్నను అడిగి తీసుకెళ్లారు.

ప్రాక్టీసులో ఆయన పెట్టిన ఒక పద్ధతి ఇంకెక్కడా చూడలేదు. గెలిచినవాళ్లు ఓడినవాళ్లకు చాయ్ పోయాలి. అది కూడా నిలబడి, వాళ్లు తాగేదాకా ఉండి, కప్పులు కడిగి పెట్టాలి. మొదటివారం నాకు ఒళ్లు మండింది. "గెల్చినందుకు ఇది శిక్షనా సాబ్?" అన్నాను. "గెల్చినోనికి లోకం మొత్తం దండ ఏస్తది. ఓడినోనికి చాయ్ అన్న ఉండాలె గద" అన్నారు. ఇంకో ఆరునెలలకు అలవాటైంది. నిజం చెప్పొద్దూ, తర్వాత తర్వాత అదే బాగుండేది.

అదే పద్ధతి లీగ్ మీటింగులకూ పాకింది. లీగ్‌లో పది క్లబ్బులు. నెలకో క్లబ్ గదిలో మీటింగు, వంతులవారీగా. ఎవరి గదిలో మీటింగైతే వాళ్లు చాయ్ పోస్తారు, ఆ రోజు ఓటు వేయరు. ఇంటికొచ్చినవాళ్లకు చాయ్ పోసి, ఆ చేత్తోనే మన పని జరిపించుకోవడం మర్యాద కాదని కోచ్ సాబ్ ఎప్పుడో అన్నారట. "చాయ్ పోసినోడు చెయ్యెత్తొద్దు" అనేది అట్లా నిలిచిపోయింది. ఏ పుస్తకంలోనూ రాయలేదు. పాతికేళ్లు ఎవరూ తప్పలేదు.

డబ్బు సంగతీ అంతే సాదాగా ఉండేది. టికెట్ల మీద, ప్రకటనల మీద వచ్చిందంతా ఒకచోట వేసి పది భాగాలు చేసేవారు. క్లబ్‌కు ఒక ఓటు, ఒక భాగం. ఆ భాగంతోనే ఆటగాళ్లకు జీతాలు. పెద్ద క్లబ్బులవాళ్లు అప్పుడప్పుడు గొణిగేవారు, జనం మా ఆట చూడ్డానికి వస్తుంటే వీళ్లకెందుకు సమానంగా ఇవ్వాలని. కోచ్ సాబ్ ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేవారు. "ఒక్కడే ఆడితే దాన్ని మ్యాచ్ అనరు, ప్రాక్టీస్ అంటరు. ప్రాక్టీస్‌కు టికెట్ కొంటరా ఎవరన్న?"

అప్పుడే అమీర్‌పేట నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేచాయి. మా క్లబ్ ముందున్న జిరాక్స్ షాపువాడు నోట్సులు అమ్మి ఇల్లు కట్టుకున్నాడు. నా మోకాలు కూడా పోవడంతో ఆట మానేసి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మా యజమాని గుంటూరు వైపు మనిషి. విద్యార్థుల ఫీజులు పొంగి పొర్లుతుంటే, చేతికి ఏం దొరికితే అది కొనే రోజులవి. లీగ్‌లో ఉన్న ఒక పెద్ద క్లబ్‌ను కొన్నాడు. నాకు ఫుట్‌బాల్ తెలుసని, లీగ్‌లో దాని ప్రతినిధిగా నన్ను కూర్చోబెట్టాడు. స్కూటర్ పోయి కారు వచ్చింది. కోచ్ సాబ్ కారు చుట్టూ తిరిగి చూసి, "హారన్ బాగున్నది తీన్" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ఒక టీవీ చానెల్‌వాళ్లు మా మ్యాచ్‌లు చూపిస్తామని వచ్చారు. అంతే, పెద్ద క్లబ్బులు నాలుగూ ఒక్కటయ్యాయి. "ఏంటండీ, ఆ రేకుల గదివాళ్లకీ మనకీ ఒకటే ఓటా? టీవీలో ఎవరి మొహం చూస్తారు జనం? సంస్కరణలని ఏదో ఒకటి రాయండి మీరు" అన్నాడు మా యజమాని. రాశాను. పెద్ద క్లబ్‌కు మూడు ఓట్లు, చిన్న క్లబ్‌కు ఒకటి. వచ్చే డబ్బులో సగానికి పైగా పెద్ద నాలుగింటికి, మిగిలింది ఆరుగురూ పంచుకోవాలి. ప్రతి పేరాలోనూ ప్రొఫెషనల్ అనే మాట ఒకసారైనా వచ్చేటట్టు చూశాను. తెలుగు బాగా రాస్తావని చిన్నప్పుడు కోచ్ సాబే నా చేత క్లబ్ ఉత్తరాలు రాయించేవారు. ఆ చెయ్యి అక్కడ పనికొచ్చింది.

లెక్క ఇలా ఉంది. మేం నలుగురం, చిన్నవాళ్లు ఆరుగురు. ఓట్లు సమానమైతే పాత పద్ధతే ఉండాలి. సనత్‌నగర్ క్లబ్ సెక్రటరీ కూతురు డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉంది. ఆ పిల్లకు ఫీజు లేకుండా కోర్సు, కోర్సు అయ్యాక ఉద్యోగం అన్నాను. ఆయన తలవంచుకుని సరేనన్నాడు. అయినా ఐదుకు ఐదు. పైగా ఆ నెల మీటింగు వంతు సనత్‌నగర్ వాళ్లదే. చాయ్ పోసేవాడు చెయ్యెత్తడు కాబట్టి నేను కొన్న ఓటు స్టవ్ దగ్గరే ఉండిపోతుంది.

అప్పుడు నాకు తట్టింది. ఇంకెవరికీ తట్టేది కాదు, ఎందుకంటే ఆ మనిషిని నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కోచ్ సాబ్‌కు ఫోన్ చేశాను. "సాబ్, సనత్‌నగర్‌ల నీళ్ల తిప్పలున్నదంట. ఈసారి మీటింగు మన రూంల పెట్టుకుందమా?" మన రూం అన్నాను, సిగ్గులేకుండా.

"అరే, దాంట్ల అడిగేది ఏమున్నది? టీవీ ముచ్చటొచ్చినంక మొదటి మీటింగు మన తాననా? రమ్మను అందర్ని" అన్నారు.

మీటింగు రోజు గది గుర్తుపట్టలేకపోయాను. సున్నం వేయించారు. మేకుల మీది బూట్లు తీసేశారు. కుర్చీలు అద్దెకు తెచ్చారు. ఉస్మానియా బిస్కెట్లు, కొత్త కప్పులు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. మా యజమాని కూడా చూడ్డానికి వచ్చాడు. గుమ్మం దగ్గర ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఇక్కడేనా?" అని నన్నడిగాడు. కోచ్ సాబ్ ఆయనకే మొదటి కప్పు ఇచ్చారు.

నేను కాగితం చదివాను. చిన్న క్లబ్బులవాళ్లకు అర్థమైంది, తమ పీక పిసికేస్తున్నామని. వాళ్లలో పెద్దాయన లేచి నిలబడ్డాడు. "సాబ్, ఇయ్యాల ఒక్కరోజు చెయ్యెత్తు. నీకు దండం పెడ్త. గా రూలు ఏడ రాసున్నది?"

కోచ్ సాబ్ రెండు చేతులతో ట్రే పట్టుకుని ఉన్నారు. "రాసిన రూలైతే మీటింగు పెట్టి మార్చుకుందుము. గిది రాయలే గద. ఎట్ల మారుస్తవ్?" అన్నారు.

"నీ క్లబ్ పోతది సాబ్. పోరగాళ్ల జీతాలు పోతయి."

సంస్కరణలు కావాలనేవాళ్లు చేతులెత్తమని అప్పటి లీగ్ సెక్రటరీ అన్నాడు. నేను ఎత్తాను. ఐదు చేతులు లేచాయి. వద్దనేవాళ్లవి నాలుగు. అంత సేపూ కోచ్ సాబ్ ట్రే కింద పెట్టలేదు. పెడితే ఏ చెయ్యి ఎటు పోతుందోనని భయపడ్డారేమో. లెక్క అయ్యాక నా దగ్గరకు వచ్చి, "నీది చల్లారింది, ఇంకోటి పోస్త ఉండు" అన్నారు.

తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏం లేదు. మా కోచ్ సాబ్ క్లబ్ రెండు సీజన్లు ఈడ్చింది. మూడో సీజన్‌కు జీతాలివ్వలేక లీగ్ నుంచి పోయింది. గోల్‌కీపర్ మాదాపూర్ కంపెనీల క్యాబ్ నడపడానికి పోయాడు. పది నంబర్ పంజాగుట్టలో బట్టల షాపు ముందు సెక్యూరిటీగా నిలబడ్డాడు. నేను కారులో పోతూ ఒకసారి చూసి అద్దం పైకెత్తుకున్నాను. చిన్న క్లబ్బులు ఒక్కొక్కటే రాలిపోయాక పెద్దవాళ్లు నలుగురే మిగిలారు. నలుగురే ఎన్నిసార్లు ఆడతారు? జనం రావడం మానేశారు, చానెల్‌వాళ్లూ మానేశారు. అమెరికాలో ఏదో మార్కెట్ పడిపోగానే మా యజమాని ఒక్క ఫోన్ చేసి టీమును మూసేశాడు. కారు ఇన్‌స్టిట్యూట్‌ది, తీసుకున్నారు. సనత్‌నగర్ పిల్లకు కోర్సు అయింది గాని ఉద్యోగం రాలేదు. ఇప్పుడు లీగ్‌ను మళ్లీ లేపాలని చూస్తున్నవాళ్లకు పాత రూల్స్ ఫైలు ఎందుకు కావాల్సివచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

కోచ్ సాబ్‌కు కిడ్నీలు పోయాయని తెలిసినా ఏడాది దాకా వెళ్లలేదు. కిందటి నెలలో వెళ్లాను, సోమాజిగూడ ఆస్పత్రికి. ఆయన చేతికి గొట్టాలు పెట్టి రక్తం శుద్ధి చేస్తున్నారు. సగమైపోయారు. నన్ను చూసి, "తీన్, మోకాలెట్లున్నది?" అన్నారు. ఏడ్చేశాను. ఆ మీటింగు సంగతి ఎత్తబోయాను.

"తెల్సు" అన్నారు. "మీటింగుకు ముందురోజే సనత్‌నగర్ ఆయన వచ్చి ఏడ్చిండు. నీళ్ల తిప్పల ఏం లేదన్నడు. బిడ్డ చదువు గద, తప్పు లేదు పో అన్న."

"తెల్సి సుత మీటింగు ఎందుకు పెట్టినవ్ సాబ్?"

"నువ్వడిగినవ్, సరే అన్న. మాట ఇచ్చిన గద." కాసేపు కళ్లు మూసుకున్నారు. "నువ్వొక్కనివి ఎత్తకపోతే నాలుగుకు నాలుగు. సమానమైతే పాత పద్ధతే. కాగితం రాసినోడు రాసిండు, నౌకరీ గనక రాసిండు, చెయ్యి మాత్రం ఎత్తడు అనుకున్న. ట్రే పట్టుకోని నీ చెయ్యే చూసుకుంట నిలబడ్డ."

గొట్టాలు చూస్తున్న నర్సు అటు వెళ్లాక, మాఫ్ చెయ్యి సాబ్ అనబోయాను. ఆ చేతికి గొట్టాలుండగానే వేలు పైకెత్తి ఆపారు.

"మాఫీ అడుగకు. అడిగితే చేస్త, నాకు కాదనొస్తదా? చేస్తే నువ్వు మర్చిపోతవ్. మర్చిపోవద్దు నువ్వు."

అంత కఠినమైన మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. నాకిచ్చిన ఆఖరి మాట అదే. ఆయన నాకు ఆట నేర్పారు, ఉత్తరం రాయడం నేర్పారు, లేత్ మిషన్ నుంచి తప్పించారు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే. కృతజ్ఞత చెప్పుకోవడానికి కూడా నాకు మొహం లేదు.

మంగళవారం ఖబరస్తాన్‌కు వెళ్లేసరికి మట్టి వేస్తున్నారు. కొడుకులు, బంధువులు వేశాక క్లబ్బుల వంతు వచ్చింది. పాత చిన్న క్లబ్బులవాళ్లంతా వరుసగా నిలబడి ఉన్నారు. క్యాబ్ నడిపే గోల్‌కీపర్, సెక్యూరిటీ యూనిఫాంలోనే వచ్చిన పది నంబర్, సనత్‌నగర్ ఆయన, ఆ రోజు లేచి దండం పెడతానన్న పెద్దాయన. నన్ను చూడగానే వరుస పక్కకు జరిగింది. "నువ్వేయి అన్న ముందు. ఖాస్ శిష్యునివి గద" అన్నాడు పది నంబర్. ఎవరి మొహంలోనూ కోపం లేదు.

మూడు గుప్పిళ్లు మట్టి వేశాను. వెనక్కి వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డాను. ఎవరూ ముందుకు కదల్లేదు. తలలు వంచుకుని అట్లాగే ఉన్నారు. వీళ్లెందుకు వేయడం లేదని కోచ్ సాబ్ పెద్ద కొడుకు వాళ్ల వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. అప్పుడు నాకు అర్థమైంది, నేనక్కడ ఉన్నంతసేపూ వాళ్లు మట్టి ముట్టరని. చెప్పులు వేసుకుని బయటికి నడిచాను. గేటు దగ్గర ఆగి తిరిగి చూస్తే, వాళ్లు ఒకరి వెనక ఒకరు ముందుకు వెళ్లి, వంగి, మట్టి తీస్తున్నారు.