శాంతి కమిటీలో నేను తాగిన కాఫీ

మొన్న గురువారం ఒక్క గ్లాసు కాఫీతో ఒక ఊరి శాంతిని ఎట్లా చెడగొట్టానో వింటే మీరు నన్ను ఇంకే కమిటీలోనూ చేర్చుకోరు. నవ్వండి, నవ్వండి!

జమ్మలమడుగు అవతల ఒక పల్లె. రెండు పార్టీలు. మన వైపు పార్టీ అంటే తెలుసు కదా, ముందు రెడ్డి, తరువాతే జెండా. ఎస్సీ కాలనీ వాళ్లు పైవీధి రెడ్డి వైపు ఓటేశారని కిందివీధి రెడ్డి, ఆయన బోరు నుంచి తన చేలో గుండా కాలనీకి పోయే నీళ్ల పైపు కోయించాడు. దానికి పైవీధి రెడ్డి రోషంతో తన బోరు మోటారే ఆపేశాడు. "వాడు పైపు అతికిస్తే మోటారు వేస్తా" అని ఒకరు, "వాడు మోటారు వేస్తే పైపు అతికిస్తా" అని ఇంకొకరు. మధ్యలో కాలనీ ఆడవాళ్లు మూడు వారాలుగా బిందెలెత్తుకుని వంక దాకా నడుస్తున్నారు.

ఈ తగువు తీర్చడానికి ప్రొద్దుటూరు నుంచి శాంతి కమిటీ పేరుతో జీపులో ముగ్గురం బయలుదేరాం. మసీదు కమిటీ ఖాదర్ బాయ్, గుడి పూజారి అయ్యవారు, చర్చి తరఫున టీచరునైన నేను. అట్లాంటి ఊర్లో ఎవరింట్లో ముందు గొంతు తడుపుకుంటే వాళ్ల పార్టీ అయిపోతాం. అందుకని పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదని జీపులోనే రూలు. ఆ రూలు పెట్టింది నేనే!

పైవీధి రెడ్డి ఇంట్లో కాఫీ వచ్చింది.

"రోజా ఉండాను రెడ్డీ" అన్నాడు ఖాదర్ బాయ్.

"ఈ పొద్దు ఏకాదశప్పా" అన్నాడు అయ్యవారు.

"మరి మీకేంది సారూ?"

మా చర్చిలో ఉపవాస ప్రార్థన శుక్రవారం. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. వద్దని చెప్పడానికీ రాలేదు, ఆ వాసన అట్లుంది మరి. తాగేశాను.

కిందివీధికి మేం నడిచేలోపే వార్త నడిచింది. "ఆడ కాఫీ తాగి ఈడికొచ్చి న్యాయం చెప్తాండావా సారూ? మా ఇంట్లో సంగటి తింటేనే మాట" అన్నాడు ఆ రెడ్డి. సరే, లెవెల్ అవుతుందని సంగటి, నాటుకోడి తిన్నాను. చెయ్యి కడుక్కుంటుండగానే పైవీధి మనిషి ప్రత్యక్షం. "వాళ్లింట్లో కోడి, మా ఇంట్లో ఉత్త కాఫీనా? వడలు, పాయసం చేపిచ్చినాడు మా రెడ్డి, రా సారూ!" మళ్లీ వెళ్లాను. మూడు గంటలకల్లా ఊరంతా నా పొట్ట గురించే మాట. పైపు మాట ఎత్తిన వాళ్లే లేరు.

కాలనీకి పోయి పని కాలేదని చెప్పాం. మా చర్చి సంఘం మనిషే, రూతమ్మ, ఖాళీ బిందె పక్కన పెట్టి నన్నే చూసింది. "పోనీలే. ఎండన పడి వచ్చినారు, ఏమన్నా తిన్నారా సారూ?" అంది. చచ్చేంత సిగ్గేసింది.

అప్పుడు ఖాదర్ బాయ్ పోయి ఎండిపోయిన కొళాయి పక్కన చతికిలబడ్డాడు. "ఈ పొద్దు నా రోజా ఈ నీళ్లతోనే ఇడుస్తా. వచ్చేదాకా ఈడనే ఉంటా" అన్నాడు. అయ్యవారు కండువా పరిచి పక్కనే కూర్చున్నాడు. "తెల్లారి నేనూ ఈడనే స్నానం చేసి పారణ చేస్తా" అన్నాడు. నేను ఏం వదులుకుంటానని చెప్పాలి? నేనూ ఊరికే కూర్చున్నాను.

ఉపవాసమున్న పెద్దమనిషి తమ ఊర్లో గొంతెండి కూర్చున్నాడంటే రెండు పార్టీలకూ చెడ్డపేరే. పైపు ముందు అతికిందో, మోటారు ముందు తిరిగిందో ఇద్దరు రెడ్లూ ఇప్పటికీ చెప్పరు. పొద్దుగుంకే వేళకు కొళాయి రెండుసార్లు దగ్గి, బురద కక్కి, తేట నీళ్లు వదిలింది.

రూతమ్మ చెంబు నింపి ఖాదర్ బాయ్ చేతికిచ్చింది. ఆయన కళ్లు మూసుకుని దువా చదువుతున్నాడు. అటు చివర ఒక రెడ్డి, ఇటు చివర ఒక రెడ్డి, మధ్యలో కాలనీ అంతా. చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడు నా గొంతులోంచి బ్రేవ్‌మని ఒక త్రేన్పు వచ్చింది చూడండి, కోడి, వడలు, పాయసం అన్నీ కలిపి!

ముందు రూతమ్మ పకపకా నవ్వింది. తరువాత కాలనీ. చివరికి ఆ ఇద్దరు రెడ్లు కూడా, ఎలక్షన్ తరువాత మొదటిసారి ఒకరి మొగం ఒకరు చూసుకుని మరీ నవ్వారు.

కమిటీ రిపోర్టు అయ్యవారే రాస్తున్నాడు. ఖాదర్ బాయ్ రోజా సంగతి, తన ఏకాదశి సంగతి రాసేశాడట. నా పేరు దగ్గర పెన్ను ఆగిపోయిందట.