ఇంకొక్క చిల్లు

ఎనభైల తొలి రోజులు. వరంగల్‌లో చరిత్ర లెక్చరర్‌ని. మాకు యూనివర్సిటీలో వారం రోజుల కంప్యూటర్ శిక్షణ పెట్టారు. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలో వణుకుతూ కూర్చున్నాను. అట్టకార్డుల మీద ఏ చిల్లు ఎక్కడుందో చూసి యంత్రం చదువుకుంటుందట. ఏమీ అర్థం కాకపోయినా తలూపాను.

చివరిరోజు పొద్దున మేమంతా కలిసి తయారుచేసిన కార్డుల కట్టను శిక్షకుడు నా చేతికిచ్చి, "వరస తప్పితే అంత ఖరాబైతది సార్, జర పైలం" అన్నాడు. ఏళ్లుగా పరీక్ష పేపర్లు కట్టిన చెయ్యి నాది. ప్రతి కార్డుకూ మూలన ఆఫీసు కాగితాల పంచింగ్ మెషీన్‌తో రంధ్రం పొడిచి, ట్యాగు దూర్చి గట్టిగా ముడేశాను.

మధ్యాహ్నం వైస్‌ఛాన్సలర్ ఎదుట ఆ కార్డులను యంత్రంతో చదివించి చూపాలి. కట్ట చూసి శిక్షకుడు కుర్చీలో కూలబడ్డాడు.

"ఈ బొక్కలెవరు పెట్టిండ్రు?"

"నేనే. వరస తప్పొద్దన్నరు గద."

ఆ పూట ప్రదర్శన ఆగిపోయింది.

బయట చెప్పులు వేసుకుంటుంటే అటెండర్ మల్లయ్య మెల్లగా అడిగాడు: "గన్ని బొక్కలుండంగ, ఇంకొక్క బొక్కకే గింత లొల్లెందుకు సార్?"

నా సందేహమూ అదే. కాకపోతే వారమంతా తలూపినవాణ్ణి, ఎవరినడగను?

ఆనాటి నుంచి క్లాసులో తలూపే పిల్లల్ని నమ్మడం మానేశాను.

— ఓ విశ్రాంత లెక్చరర్, మట్టెవాడ