అందరికీ అందరూ తెలిసిన క్లాసు

లామినేషన్ మిషన్ లోంచి వేడి ప్లాస్టిక్ వాసన వస్తే నాకు పాఠం చెప్పడం నేర్పిన రాజేశ్వరి మిస్ గుర్తుకొస్తారు. ఈ ఉదయం విరుదునగర్‌లో, మా స్పోకెన్ ఇంగ్లీష్ సెంటరు ఆఫీసు గదిలో, క్లాసులో ఆడించే ఒక కాగితాన్ని ఆ మిషన్లోకి దూరుస్తుంటే మళ్ళీ గుర్తుకొచ్చారు. అందుకని ఆవిడ మీద మహాకావ్యమే రాద్దామని కూర్చున్నాను. నల్లరేగడి నేల, ఒంటరి వీరనారి, ఇంగ్లీషు అనే రాక్షసుడు, ఇనప బీరువా నిండా అస్త్రాలు. నిజం చెప్పాలంటే ఇందులో యుద్ధమేమీ లేదు. బీరువా మాత్రం ఉంది. దాని తలుపు సరిగ్గా పడదు.

ఆ బీరువా కోవిల్‌పట్టిలో, వేరుశెనగ చిక్కీ అమ్మే కొట్టు పైన ఉన్న మా మొదటి సెంటరులో ఉండేది. నాకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, జీతానికి ఇంగ్లీషు. మిస్‌దీ అంతే కాబట్టి స్టాఫ్ రూములో ఇద్దరం ఇంటి భాషే మాట్లాడుకునేవాళ్ళం. బీరువాలో విద్యార్థుల చేత ఇంగ్లీషు మాట్లాడించడానికి ఎవరో ఎక్కడో ముందే తయారుచేసి పెట్టిన అభ్యాసాలు ఉండేవి: జంట కార్డులు, తేడాలు కనిపెట్టే బొమ్మలు, ప్రశ్నల కాగితాలు. కొత్త టీచరు పని, రోజుకొకటి ఎంచుకోవడం. వండిన అన్నం వడ్డించడమే కదా అనుకున్నాను. కానీ మిస్ పద్ధతి వేరు. ఏ కాగితమైనా క్లాసుకు వెళ్ళే ముందు, దాన్ని తెచ్చినవాడు ఆవిడతో బల్లకు అటూ ఇటూ కూర్చుని, నిజంగా ఆడి చూపించాలి.

నేను మొదట తీసుకెళ్ళింది ఇంటర్నెట్లో దొరికిన రంగుల కార్డుల జత. మంచు కురిసే ఊళ్ళో హోటల్ గది అడగాలి. మిస్ గుమాస్తా, నేను అతిథి. గది ఉందా అన్నాను, ఉంది. అద్దె ఎంతో, పొద్దున టిఫిన్ పెడతారో లేదో రెండు కార్డుల మీదా ఒకేలా రాసి ఉంది. రెండు నిమిషాలకు మిస్ కార్డు కింద పెట్టారు.

"సీనీ, నీకు తెలీనిది నాకాడ ఏముండాది?"

"ఏమీ లేదు మిస్."

"అట్లయితే నాతో మాట్లాడేదెందుకప్పా? నీ కార్డు చూసి చదువుకో. మిగతా సేపు నిద్రపో."

"బొమ్మలు బాగున్నాయి కదా మిస్."

"బాగుండాయి. క్యాలెండరు వేసుకో."

అని, పెన్ను తీసి నా కార్డు మీద అద్దె కొట్టేశారు, టిఫిన్ కొట్టేశారు, మంచు ఊరిని కొట్టేసి కొడైకానల్ అని రాశారు. "ఇప్పుడు అడుగు." ఇప్పుడు అడగక తప్పలేదు. టిఫిన్ లేదన్నారు. అంత అద్దెకు టిఫిన్ కూడా ఇవ్వరా అని లేని హోటల్ మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. పావుగంట ఇంగ్లీషులో పోట్లాడాను. నేర్చుకోవాల్సిందంతా ఆ రోజే నేర్చుకున్నానని రాస్తే బాగుండేది. నేర్చుకోలేదు.

మూడు నెలల తర్వాత నాకు పరీక్ష పెట్టారు. విరుదునగర్‌లో కొత్తగా తెరిచిన బ్రాంచిలో ఒక క్లాసు చెప్పాలి, మా యజమాని, మిస్ వెనక బెంచీలో కూర్చుని చూస్తారు. నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే తిరుత్తంగల్‌లో మా చిన్నాయన అచ్చాఫీసు ఉంది. అక్కడ లేబుళ్ళు కోసే మిషన్ పక్కన నా కోసం ఒక స్టూలు తుడిచి పెట్టి ఉంది. ముందు రోజు మిస్ అడిగారు: "రేపటి కాయితం నాతో ఒక తూరి ఆడతావా?" ఆడి చూసుకున్నాను మిస్ అన్నాను. అబద్ధం. ఆ అభ్యాసం ప్రపంచమంతా వాడేదే. కాగితం మీద గళ్ళుంటాయి: ఇద్దరు తమ్ముళ్ళున్నవారు, కుక్కంటే భయపడేవారు, కాకరకాయ తిననివారు. క్లాసంతా తిరిగి, ఒకరినొకరు ఇంగ్లీషులో అడిగి, గళ్ళలో పేర్లు నింపాలి. దీనికి రిహార్సలెందుకు?

క్లాసుకు వచ్చింది ఒక పప్పుల ప్యాకింగు కంపెనీ హాస్టల్లో ఉండే పన్నెండు మంది అమ్మాయిలు. వాళ్ళను పనిలోకి తెచ్చిన సూపర్‌వైజరుది నాగలాపురం పక్కన మా తెలుగువాళ్ళ పల్లె. ఆవిడ తెచ్చింది తన పల్లె పిల్లల్నే. ఈ సంగతి నేను ఎవరినీ అడగలేదు. కాగితాలు పంచాను. ఒక్కరూ లేవలేదు. ఒక్కరూ నోరు తెరవలేదు. రెండు నిమిషాల్లో పన్నెండు కాగితాలూ నిండిపోయాయి.

"లేచి ఒకరినొకరు అడగాలి," అని ఇంగ్లీషులో బతిమాలాను.

ముందు బెంచీలోని వీరలక్ష్మి నా యాసను అప్పటికే పసిగట్టింది. తెలుగులోనే జవాబిచ్చింది. "ఎవుర్ని అడిగేది సార్? ఇది నా చెల్లెలు, అది మా అత్త కూతురు, ఆ మూల కూచునేది మా వదిన. దానికి కుక్కంటే బయమని ఊరికంతా తెలుసు. కుక్కకీ తెలుసు."

ఇంకొకామె ఒక గడి ఖాళీగా వదలడం ఇష్టంలేక ఊళ్ళో ఉన్న అవ్వ పేరు కూడా రాసింది. యజమాని గడియారం చూసుకుని, తర్వాత ఫ్యాను చూశారు. నాకు స్టూలు కనిపించింది.

ఆయన పక్కన కూర్చున్న మిస్ లేచి ముందుకొచ్చారు. ఏదో గొప్ప ప్రసంగం చేస్తారనుకున్నాను. నా చెవిలో మాత్రం, "వీళ్ళకు తెలీనోడు ఈ రూములో ఒకడే ఉండాడప్పా," అన్నారు. తర్వాత అమ్మాయిల వైపు తిరిగి, తేట ఇంగ్లీషులో చెప్పారు: ఈ సారు మీకు ఏ వరస అవుతాడో కనిపెట్టండి, ఇంగ్లీషులో మాత్రమే అడగాలి.

మా వైపు ఇద్దరు తెలుగువాళ్ళు బస్సులో పక్కపక్కన కూర్చుంటే, వరస తేలేదాకా ఇద్దరికీ మనసు నిలవదు. ఏ ఊరు, ఇంటిపేరేమిటి, అమ్మ పుట్టిల్లెక్కడ, మేనమామ ఎవరి ఇంటి అల్లుడు, అన్నీ తేలాలి. ఏ బీరువాలోనూ ఈ అభ్యాసం లేదు. పన్నెండు మందీ నా మీద పడ్డారు. ఇంగ్లీషు విరిగింది, వంగింది, ఆగలేదు. ఎవరైనా తెలుగులోకి జారితే పక్కావిడే మోచేత్తో పొడిచింది. మా అమ్మమ్మ ఊరు చెప్పగానే నలుగురు ఒక్కసారే లేచారు. నాకెందుకు పెళ్ళి కాలేదన్న దాని మీద ఉపప్రశ్నలు కూడా వచ్చాయి. అరగంట తర్వాత వీరలక్ష్మి నిలబడి తీర్పు చెప్పింది: "సార్, యూ ఆర్ మై గ్రాండ్‌ఫాదర్." తప్పులేని వాక్యం. నాకు ఇరవై నాలుగేళ్ళు.

"దినమూ ఇంత గోలేనా?" అని యజమాని తమిళంలో మిస్‌ను అడిగారు. "దినమూ కాదు సార్, కాగితం కుదిరిన దినం మాత్రం," అన్నారావిడ. ఆయన నవ్వి, నన్ను సోమవారం ఆఫీసుకు రమ్మన్నారు. ఆయన మెట్లు దిగేదాకా నిలబడి, తర్వాత కుర్చీలో కూలబడ్డాను. ఎవరో నా భుజం మీది బియ్యం మూట దించినట్టయింది. పాపం స్టూలు అనుకున్నాను.

తిరుగు బస్సు సాత్తూరులో ఆగినప్పుడు మిస్ కిటికీలోంచి దోసకాయలు కొన్నారు. "మీరు లేకపోతే నా కత ముగిసుండేది మిస్," అన్నాను, గొంతు కాస్త వణికించి.

"ముగిసేదేముండాది? లేబుళ్ళు కోసేవాడివి. అదీ పనే. కాయ తిను." తనూ ఒకటి కొరికి, "నిన్న అబద్దం ఎందుకు చెప్తివి?"

"తెలిసిన ఆటే కదా అనుకుంటిని."

"ఆట తెలుసు సరి, ఆడేవాళ్ళు తెలుసా? రెడీమేడ్ చొక్కా కొంటే చేతులు కురచ చేయించుకుంటాం గదా. కాయితాన్ని కొట్టేసేదానికేం బయం? అచ్చులో ఉండాదనా?"

నిజంగా అదే భయం నాది. అచ్చువేసినవాడికి నా క్లాసు గురించి నాకంటే ఎక్కువ తెలుసనుకునేవాణ్ణి. సాత్తూరు నుంచి కోవిల్‌పట్టి వచ్చేలోగా ఆ భయం చాలావరకు దిగిపోయింది. మిస్ ఇప్పుడు రిటైరై చెల్లెలింట్లో ఉన్నారు. మంచి అభ్యాసం దొరికిందని ఫోన్ చేస్తే, అదేమిటని అడగరు, "ఎవురికి?" అంటారు. ఇప్పుడు ఆ మాట ఆవిడకంటే ముందు నేనే అనుకుంటాను. ఏ కాగితమైనా ముందు మా ఆఫీసు అటెండరుతో బల్ల మీద ఆడతాను, పెన్నుతో సగం కొట్టేస్తాను, ఆ తర్వాతే క్లాసుకు పంపుతాను. ఆయన ఇంగ్లీషు ఇప్పుడు నాకంటే బాగుంది.

ఇక ఆ సోమవారం ఉద్యోగం ఖాయమైన ఉత్తర్వు చేతికిచ్చారు. ఖాయమైనవాళ్ళకు ఆదివారం పొద్దున ఆరున్నర బ్యాచి కూడా ఉంటుందని రెండో పేజీలో ఉంది.